6174

కాలేజీకి ఒక్కరినే పంపగలనని నాన్న తేల్చేసిన రోజు అన్నయ్య నా చేతికి సుద్దముక్క ఇచ్చాడు.

"గొడవెందుకే, అదృష్టం ఎవరిదో చూద్దాం. నీకిష్టమైన నాలుగంకెల సంఖ్య రాయి. ఆ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చు. అందులోంచి, చిన్న నుంచి పెద్దకి పేర్చింది తీసెయ్. వచ్చినదాన్నీ అలాగే చేస్తూ పో. చివరికి 6174 వస్తే నేను వెళ్తా, రాకపోతే నువ్వు."

అమ్మ పుట్టిన సంవత్సరం, 1958 రాశాను. ఐదో తీసివేతకే 6174 వచ్చి కూర్చుంది.

అన్నయ్య లెక్కల మాస్టారయ్యాడు. నేను ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతూ, ఆ సంవత్సరం రాసిన నా చేతినే తిట్టుకున్నాను.

ఇవాళ నా కూతురు హోంవర్కు చేస్తూ పకపకా నవ్వింది. "అమ్మా, ఏ సంఖ్య రాసినా 6174కే వస్తోందే! నాలుగూ ఒకటే అంకె కాకపోతే చాలట."

గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో మిషను బల్ల నిండా రాశాను. తొమ్మిది సంఖ్యలు. తొమ్మిదీ అక్కడికే వచ్చాయి.

అప్పటికి వాడికీ తెలియదేమోనని ఆశపడి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఆ రోజు నేను వేరే సంఖ్య రాసుంటే?"

"ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా, పిచ్చిదానా?" అన్నాడు, ఎప్పటిలాగే ముద్దుగా. "రాసుంటే నువ్వే వెళ్లేదానివి."