రూపాలి చేతులు

కోచ్‌నైన మొదటి రోజే, గోల్ ఎట్ల కొట్టాల్నో చూపిద్దామని, ఫైనల్‌ల నేను కొట్టిన గోల్ వీడియో ఫోన్‌ల పెట్టిన. బీదర్ కిల్లా పక్క మైదానంల ఆడపిల్లలందరు మీదవడి చూస్తున్రు.

"అక్కా, పక్కన చేతులు లేపి ఎగురుతున్నదెవరు?" అడిగింది అందర్ల చిన్నది, ఫెబా.

"మా టీంల రూపాలి. నేను గోల్ కొడితే నాకంటె దానికే ఖుషీ. ఎందుకో గని, ఆ మ్యాచ్ తర్వాత మాట్లాడుడే బంద్ జేసింది. దాని పెండ్లికి గూడ పిలువలే."

ఫెబా వీడియో వెనుకకు తిప్పింది.

"కాని అక్కా, గప్పటికి బాల్ ఇంకా మీ కాలికాడనే ఉన్నది గదా?"

మల్ల చూసిన. రూపాలి ముందల గోల్ మొత్తం ఖాళీ.

విజిల్ ఊదిన.

"లేవున్రి! ఇయ్యాల గోల్ కొట్టుడు లేదు. పక్కదానికి బాల్ ఇచ్చుడు నేర్చుకుందాం."