కుడివైపు పొక్కులు

పిల్ల చొక్కా పైకెత్తి చూపించింది తల్లి. క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ వంగి చూసింది.

కుడివైపు వెన్ను దగ్గర మొదలై బొడ్డు దాకా పొక్కులు. ఎర్రగా, నీరు పట్టి, గుత్తులు గుత్తులుగా. ఎడమవైపు మాత్రం ఒక్కటీ లేదు.

“నిన్న దీనికి నీళ్ళు పోసిందెవరు?” అంది తల్లి. గొంతు పెంచలేదు. ఆయమ్మకి అదే భయమేసింది.

“నేనేనమ్మా.”

ఆ క్రెష్‌లో ఒక రూలుంది. పిల్లలకి స్నానం చేయిస్తే ఇద్దరు ఆయాలుండాలి. ఒకరు పొయ్యాలి, ఒకరు చూడాలి. నిన్న రెండో ఆయా పన్ను పీకించుకోవడానికి పోయింది. బుడంకాయేమో (రెండున్నరేళ్ళ ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు) రంగు డబ్బాలో మోచేతుల దాకా ముంచుకుని, అవే చేతులతో మొహం తుడుచుకుని తయారైంది. పిల్లని అలా ఎంతసేపని ఉంచుతుంది? ఆయమ్మ ఒక్కతే నాలుగు మగ్గులు పోసేసింది.

“మోచెయ్యి పెట్టి చూసే పోశానమ్మా. గోరువెచ్చగా ఉన్నాయంతే.”

“మరి ఇవి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?”

“వేడినీళ్ళయితే కారతాయి గదమ్మా. తొడల మీదికీ జారతాయి. గీత గీసినట్టు నడిమధ్యలో ఆగిపోతాయా?”

“నీ లాయరు తెలివి డాక్టరు దగ్గర చూపిద్దువుగాని, నడువు” అంది క్రెష్ నడిపే మేడమ్.

వీధి చివర ఆసుపత్రి. దారి పొడుగునా బుడంకాయ ఆయమ్మ మెడ వదల్లేదు. పొక్కులకి గుడ్డ తగిలినప్పుడల్లా కెవ్వుమంటోంది. పని పోతే ఇంకోటి దొరుకుతుంది, బుడంకాయ దొరకదు. ఆయమ్మ మనసులో అదొక్కటే గింగిరాలు తిరుగుతోంది.

డాక్టరు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, వంగి చూశాడు.

“కాలిన బొబ్బల్లా లేవే. ఇది సర్పి.”

“సర్పియా! మా అత్తగారికొచ్చిందండీ, డెబ్భయ్యో ఏట. పాలు మానని పిల్లకేమిటి?” అంది మేడమ్.

“పిల్లలకీ వస్తుంది, అరుదుగా. ఆటలమ్మ వచ్చి తగ్గాక ఆ వైరస్ పోదు. నరాల్లో నక్కి ఉంటుంది. ఎప్పుడో ఒక నరం పట్టుకుని బయటికొస్తుంది. అందుకే ఒకవైపే.” తల్లి వైపు తిరిగాడు. “పాపకి ఆటలమ్మ వచ్చిందా?”

“లేదు.”

“టీకా వేయించారా?”

“ఆ ఒక్కటీ ఇంకా వేయించలేదు.”

“అయితే కడుపులో ఉండగా తల్లికి వచ్చుండాలి. మీరు పాపని మోస్తున్నప్పుడు...?”

తల్లి బ్యాగు జిప్పు లాగింది. మళ్ళీ మూసింది.

“నాకెప్పుడూ రాలేదు.”

“బాగా గుర్తు తెచ్చుకోండి. నాలుగు పొక్కులే పోసినా...”

“రాలేదంటే రాలేదు డాక్టరుగారూ. నా సంగతి నాకు తెలీదా?”

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. “మరి సర్పి ఎలా వస్తుంది? పొక్కులో నీరు తీసి పరీక్షకి పంపుదాం. నాలుగు రోజుల్లో తేలిపోతుంది.”

“ఏ పరీక్షా వద్దు” అంది తల్లి, ఉలిక్కిపడ్డట్టు. “కాలింది. కాల్చింది. ఇంక తేలేదేముంది?”

డాక్టరు ఆయమ్మ మొహంలోకి చూశాడు. “నువ్వేమైనా చెప్తావామ్మా? ఇప్పుడు చెప్పకపోతే ఈ నింద నీ నెత్తినే ఉండిపోతుంది.”

ఆయమ్మ తల్లి వంక చూసింది. తల్లి నేల వంక చూస్తోంది. ఆయమ్మ పిల్ల చొక్కా పొక్కులకి తగలకుండా సర్దింది.

“ఏం లేదు బాబూ. నీళ్ళు కాస్త వేడిగానే ఉన్నాయేమో.”

“చూశారా! నోటితోనే ఒప్పుకుంది” అంది మేడమ్. “పోలీసుల దాకా పోనివ్వనందుకు సంతోషించు. రేపట్నుంచి మా గేటు ఛాయలకి రాకు.”

ఎందుకైనా మంచిదని డాక్టరు సర్పి మందు కూడా రాసి, తల్లి చేతిలో పెట్టాడు.

తల్లి బుడంకాయని లాక్కుంది. పిల్ల రెండు చేతులూ చాచి గుక్కపట్టింది.

“మందు మానెయ్యకండమ్మా. గోకనివ్వకండి, మచ్చలు పడతాయి” అంది ఆయమ్మ.

తల్లి వినిపించుకోకుండా బయటికి నడిచింది.

మూడేళ్ళ కిందట ఏడో నెల కడుపుతో ఆటలమ్మ పోసి ఒళ్ళంతా పొక్కులతో పడుకున్నదీ, ఆ కన్న బిడ్డని అప్పటికి ముక్కూమొహం తెలియని ఈ తల్లికి ఇచ్చేస్తూ, ఇది నా పిల్ల అని ఎన్నడూ నోరెత్తనని సంతకం పెట్టిందీ ఆయమ్మే.