నొప్పి ఉన్నంతసేపు

"నొప్పి ఉన్నంతసేపు భయం లేదక్కా. నొప్పి ఆగిపోయిందా, ఆ క్షణమే నాకు చెప్పాలి. ఎక్కడున్నా సరే, వెనక్కి తిరిగేస్తాం," అన్నాడు రూబెన్.

"ఎన్నిసార్లు చెప్తావురా ఆ ముక్క?" వంటింటి బల్ల మీద పరిచిన మ్యాపు నుంచి క్లాడెట్ తల ఎత్తలేదు.

"నా కుడికాలికి మూడే వేళ్ళున్నాయి. మిగతా రెండూ గడ్డకట్టిన పూట నాకు హాయిగానే ఉంది మరి. నొప్పి తగ్గింది కదా అని ఈల వేసుకుంటూ నడిచాను."

"మూడు వేళ్ళతోనే ఇంత వాగుతున్నావు. అయిదూ ఉంటే నిన్ను పట్టలేకపోయేవాళ్ళం."

ఆ మాట నవ్వకుండానే అంది. ఏడాదిగా ఆమె వేళాకోళాలన్నీ అలాగే ఉంటున్నాయి. పోయిన చలికాలమంతా నరాల్ని కూడా దెబ్బతీసే క్యాన్సర్ మందులు ఎక్కించుకుంటూ ఆసుపత్రి కిటికీ పక్కన గడిపింది. ఆ కిటికీలోంచి ఎడిరాండాక్ కొండలు తెల్లగా కనిపించేవి. రోగం నయమైందని డాక్టరు చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఆమె తప్ప. "సరే" అని కోటు తొడుక్కుంది. ఆ తర్వాత దేనికీ ఏడవలేదు, దేనికీ మురిసిపోలేదు. నోరు తెరిచి అడిగింది ఒక్కటే, మంచు కాలంలో ఆ కొండ మీద గుడారం వేసుకుని ఒక రాత్రి పడుకోవాలని.

రూబెన్‌కి ఈ ప్రయాణం సుతరామూ ఇష్టం లేదు. వీపున సామాను మోసుకుంటూ మంచులో కొండెక్కడం ఈమె వల్ల అవుతుందా? చిన్నప్పుడు మేజోట్లో ఇసుకరేణువు గుచ్చుకుంటోందని గోల పెట్టి నాన్న చేత నడిరోడ్డు మీద కారు ఆపించిన మనిషి! కానీ కాదంటే "సరే" అంటుంది. ఆ "సరే" మళ్ళీ వినే ధైర్యం అతనికి లేదు. అందుకే ఒక పరీక్ష పెట్టాడు. ఇవాళంతా తన ఇంటి వెనక అడవిలో బరువుతో నడవాలి, తనంతట తానే గుడారం వేయాలి. నెగ్గితే శనివారం ప్రయాణం. లేకపోతే ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.

ఆదిలోనే ఆటంకం వచ్చిపడింది. గుడారం ఉన్న షెడ్డు తాళంచెవి కనిపించలేదు.

"గుమ్మం పక్కన ఈ మేకుకే తగిలించానే!" రూబెన్ జేబులన్నీ తడుముకున్నాడు. మెట్ల మీది మంచు పారతో ఎత్తి మరీ వెతికాడు.

"ముసలాడివైపోతున్నావురా," అంది క్లాడెట్. మేకు కిందున్న బల్ల మీద కూర్చుని ఆమె అప్పటికే బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. "నిన్ను నమ్ముకునా నేను కొండెక్కేది?"

చేసేది లేక గొళ్ళెం మరలు ఊడదీసి గుడారం బయటికి తెచ్చాడు.

అడవిలో మంచు మోకాలి లోతు ఉంది. మంచులో దిగబడకుండా బూట్ల కింద స్నోషూలు కట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. నీళ్ళసీసాను అతను గుర్తుచేయకముందే తలకిందులుగా సంచిలో పెట్టిందామె. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత కిందికి ఉండాలన్న సంగతి ఒక్కసారికే పట్టేసింది. ఒంట్లో వేడి నిలవడానికి జున్ను ముక్కలు తినమంటే మారుమాట్లాడకుండా తింది. ఒక్కటే లోపం, నడుస్తున్నంతసేపూ తల దించుకునే ఉంది.

"కాళ్ళ వంక కాదక్కా, ముందుకు చూసి నడువు."

"ఈ తెడ్లతో నడవడం నాకు కొత్త కదరా. పడితే నువ్వు మోస్తావా?"

కాసేపటికోసారి అతను వెనక్కి తిరిగి అడుగుతూనే ఉన్నాడు.

"వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"నొప్పిగా ఉన్నాయి."

"బాగానా?"

"బాగా. నీ సలహాలంత నొప్పి."

ఆ జవాబు విన్నప్పుడల్లా రూబెన్ ప్రాణం కుదుటపడేది. బూటు సర్దుకోవడానికి అతనే రెండుసార్లు ఆగాడు. ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు, అబ్బా అనలేదు. కారు ఆపించిన ఆ పిల్లేనా ఈవిడ అనుకుని లోలోపల పొంగిపోయాడు.

పొద్దువాలే వేళకి గుడారం లేచింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఎదురుగా కొండ కొసన ఎర్రటి ఎండ మిగిలి ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఏమనిపిస్తోందక్కా?"

"ఏమీ అనిపించట్లేదురా." మెల్లగా అంది. "బతికి బయటపడ్డానని అందరూ అంటారు. నాకే తెలియడం లేదు. అక్కడికెళ్తే తెలుస్తుందేమో."

రూబెన్ ఆమె పక్కకి జరిగాడు. ఇన్నాళ్ళూ ఈమెను ఆపాలని చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"శనివారం పొద్దున్నే బయల్దేరదాం," అన్నాడు.

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడాదిలో మొదటిసారి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి అతనూ ఏడ్చేశాడు.

ఇంటికొచ్చాక క్లాడెట్ నాలుగు చెంచాల చారు తాగి, అలిసిపోయానంటూ గదిలోకి వెళ్ళి పడుకుంది. కట్టెల పొయ్యి ముందు రూబెన్ ఆమె బూట్లు దగ్గరికి లాక్కున్నాడు. లోపలి ఉన్ని తొడుగుల్ని రోజూ సాయంత్రం బయటికి తీసి ఆరబెట్టకపోతే మర్నాటికి చెమటంతా మంచైపోతుంది. కొండ మీద ఈ పని ఆమె చేతే చేయించాలి అనుకుంటూ ఎడమకాలి తొడుగు లాగి పొయ్యి పక్కన పెట్టాడు. కుడికాలిది తలకిందులు చేసి దులిపాడు.

పొద్దుటినుంచీ ఆమె అరికాలి కిందే ఉన్న షెడ్డు తాళంచెవి రాలిపడింది.