వరుసలో మొదటి పేరు

నలభై రోజులు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాక, ఆ ఉదయం ప్రభుత్వాసుపత్రి డయాలసిస్ గదిలో ఒక్క చోటు ఖాళీ అయింది. గోడకంటించిన జాబితాలో మొదటి పేరు ఇస్త్రీ పనిచేసే అమ్మాయి మొగుడిదే. పదింటికి పిలుస్తారు. పలికితే వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేస్తారు, పైసా పుచ్చుకోరు. వద్దంటే పేరు కొట్టేస్తారు. మళ్లీ అరవై పేర్ల అడుగునుంచి రావాలి.

భర్త వరండాలో బల్లమీద ఒరిగి ఉన్నాడు. కాళ్లు దిమ్మల్లా వాచాయి. పక్కనే ఓ పెద్దావిడ. నెలరోజులుగా అక్కడ కనిపించే మనిషే. ఎవరికి దాహమేసినా నీళ్లిస్తుంది, ఎవరి కష్టమైనా కూర్చోబెట్టుకుని వింటుంది.

“ఇక్కడే చేర్పిస్తున్నావా తల్లీ?” అంది గొంతు తగ్గించి.

“అవును. ఏం పిన్నిగారూ?”

“ఏం లేదులే. నేను చూసింది చెబితే నీ గుండె జారిపోతుంది. నడుస్తూ నడుస్తూ మిషను ఆగిపోతుంది. పోయినవారం ఒకాయన నవ్వుకుంటూ లోపలికెళ్లాడు. ఆ తర్వాత... వద్దులే, పొద్దున్నే ఎందుకు.”

ఆ ‘వద్దులే’ వినగానే అమ్మాయి చేతిలోని రిపోర్టుల సంచి బల్లమీద పెట్టి, పెద్దావిడ దగ్గరికి జరిగింది.

“రోడ్డవతల ప్రైవేటు ఉందిగా. చేతిలో ఏమన్నా ఉందా?”

“కమ్మలమ్మితే రెండు నెలలు గడుస్తుంది.”

“తర్వాత సంగతి తర్వాత. ముందు మనిషి దక్కాలిగా.”

“నన్ను ఇస్త్రీ చొక్కాలా అటు తిప్పి ఇటు తిప్పి మాడ్చకే,” అన్నాడు భర్త. నవ్వబోయి ఆయాసపడ్డాడు. “ఎక్కడో ఒకచోట పడెయ్యి.”

అమ్మాయి పెద్దావిడ వంక చూసింది. “మీవాళ్లెవరన్నా ఉన్నారా లోపల?”

“లోపల నాకెవరూ లేరమ్మా. ఉన్నమాట చెప్పడానికి నాకేం భయం?”

పది కావస్తోంది. అమ్మాయి గుమాస్తా దగ్గరికెళ్లి, ప్రైవేటుకు పోతున్నామని చెప్పింది.

“బాగా ఆలోచించుకున్నావా? మళ్లీ రావాలంటే మాటలు కాదు.”

తల ఊపింది. పెన్ను ఆ పేరు మీద అడ్డంగా పోయింది.

పెద్దావిడే ఆటో పిలిచింది. తనూ ఒక చెయ్యేసి అతణ్ని ఎక్కించింది. “చల్లగా ఉండండి నాయనా,” అని కొంగుతో కళ్లొత్తుకుంది.

గేటు దాటాక గుర్తొచ్చింది, రిపోర్టుల సంచి బల్లమీదే మరిచిపోయామని. అమ్మాయి ఆటో ఆపించి పరుగున వెనక్కి వచ్చింది.

సంచి ఉన్నచోటే ఉంది. గుమాస్తా రెండో పేరు పిలుస్తున్నాడు.

“వస్తున్నాం బాబూ, వస్తున్నాం,” అంటూ పెద్దావిడ, స్తంభం వెనక దుప్పట్లో పడుకోబెట్టిన తన మనవరాల్ని చంకనేసుకుని ఆ గదిలోకి నడిచింది.