ఖాళీ కొక్కెం బరువు

రాత్రి పనిలో ఆఖరి ఇనుప కట్టను నేలమీద దించి విప్పేశారు. అయినా క్రేన్ క్యాబిన్‌లో బరువు చూపే మీటరు సున్నాకు రాలేదు. డెబ్బై కిలోల దగ్గరే నిలిచింది. ఆపరేటరుకు చిర్రెత్తుకొచ్చింది. దిగి ఇంటికెళ్లే వేళకే దీనికి రోగం రావాలా? కింద నిలబడి సైగలు చేసే బావమరిదిని వాకీటాకీలో పిలిచాడు.

"కొక్కెం పట్టుకుని ఎవడైనా వేలాడుతున్నాడేంట్రా?"

"ఎవడూ లేడు బావా. ఊరికే ఊగుతోంది."

"గాలే లేదు కదరా, ఎందుకూగుతుంది?"

"నన్నడిగితే? మీటరుకీ నీలాగే మతిపోయినట్టుంది. ఎత్తేసి దిగిరా, నిద్ర ముంచుకొస్తోంది."

పని ముగిశాక కొక్కేన్ని కింద వదలకూడదు. పైకంటా ఎత్తి, క్యాబిన్ దగ్గరికి లాక్కోవాలి. కింద తిరిగేవాళ్ల తలలు పగలకుండా పెట్టిన నియమం అది. పన్నెండేళ్లలో అతను ఒక్కనాడూ తప్పలేదు. గొణుక్కుంటూనే మీట లాగాడు. తాడు కిర్రుమంటూ చుట్టుకుంది. సగం దూరం వచ్చినా డెబ్బయ్యే. కొక్కెం అద్దం ముందుకొచ్చి ఆగింది. దానికేమీ వేలాడడం లేదు.

అప్పుడు మీటరు సున్నా చూపింది.

"ఇప్పటికి దారికొచ్చావా?" అని విసుక్కున్నాడు.

"ఊగడం ఆగింది బావా" అన్నాడు బావమరిది.

అతని కుర్చీ వెనక, ఎవరో కాలు మోపినట్టు, క్యాబిన్ నేల రేకు మెల్లగా కుంగింది.