అంచు లేని కాగితం

“విండో చిన్నగ చెయ్యండి మేడమ్,” అన్నాడు డెన్నిస్, ఆమె కుర్చీ వెనక నిలబడి.

జయమణి మౌస్‌తో విండో అంచును లోపలికి లాగింది. అంతవరకు మూడు నిలువు వరుసల్లో చక్కగా నిలబడిన స్కూలు పేజీ చెదిరిపోయింది. తరగతుల పేర్ల మధ్యకు ఫోన్ నంబర్లు వచ్చాయి. ప్రిన్సిపాల్ పేరు సగానికి విరిగి కింది లైన్లోకి జారింది.

“మళ్ళీ స్పేస్‌బార్‌తోని ఖాళీలు కొట్టిన్రు.”

“లెక్కపెట్టే కొట్టిన సార్.”

“గదే తప్పు. ఇది టైపు మిషన్ కాదు. కాగితానికి అంచు ఉంటది. గీడ అంచు చూసేటోని చేతిల ఉంటది. వరుసలు కావాలంటే గడుల టేబుల్ కట్టండి.”

నాంపల్లిలోని ఒక మిషన్ స్కూలు ఆఫీసులో జయమణి టైపిస్టు. టైపు మిషన్ మీద శీర్షికను కాగితం మధ్యకు తేవాలంటే అక్షరాలు లెక్కపెట్టి, నడుమనుంచి అందులో సగం వెనక్కి జరగాలి. ఆమె వేళ్ళు ఆ పని ఆమెను అడక్కుండానే చేస్తాయి. ఇప్పుడు స్కూలుకు వెబ్ పేజీ కావాలి. నెలాఖరులోగా సర్టిఫికెట్ తెస్తే ఆ పని ఆమెదే. తేకపోతే టైపు మిషన్‌తోపాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. అబిడ్స్‌లోని ఈ ఇన్‌స్టిట్యూట్‌లో సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సింది డెన్నిస్. ఇప్పటికే రెండుసార్లు చేయనన్నాడు.

“నిన్న మన బ్యాచ్ బాలరాజు పేజీ గూడ జర వంకరనే ఉండె. ఆయనకు సంతకం పెట్టిన్రు కద సార్?”

“ఆయన సంగతి వేరే.”

“మరి నా సంగతేంది?”

డెన్నిస్ పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్ళాడు.

పక్క కుర్చీలోని అనురాధ, డిగ్రీ చదివే పిల్ల, వంగి గుసగుసలాడింది. “నీ మీద పగబట్టిండు ఆంటీ. గీయన్ని ఇంట్ల ఎట్ల భరిస్తరో ఏమో!”

“భరిస్తరులే. నీ స్క్రీన్ నువ్వు చూస్కో.”

“డైరెక్టర్ శ్రీపతి సార్‌కు చెప్పరాదు? ఆయన మంచోడు. పెట్టమంటడు.”

“వద్దు. పెడితే ఈయనే పెట్టాలె.”

తన గొంతులోని మొండితనం జయమణికే కొత్తగా వినిపించింది. కోపం రాకపోలేదు. కానీ డెన్నిస్ మాటలో తొందర లేదు, జాలి కూడా లేదు. ఇన్నేళ్ళూ ఆఫీసులో అందరూ ఆమె తప్పుల్ని మన్నిస్తూ వచ్చారు. మన్నింపులో చిన్నచూపు కూడా ఉంటుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

కొట్టిన ఖాళీలన్నీ చెరిపేసింది. ఒక టేబుల్, అందులో మూడు గడులు. వెడల్పు అక్షరాల లెక్కన కాదు, విండోలో ఇంత శాతమని. మూడో గడి కిందికి పడిపోయింది. కోడ్ అంతా వేలుపెట్టి చదివింది. ఒక గడిని తెరిచి, దాన్ని మూసే గుర్తు పెట్టడం మరిచింది. మూసింది. గడి పైకి వచ్చి తన చోట కూర్చుంది. చివరికి గీతల మందం సున్నా చేసింది. గీతలు మాయమయ్యాయి. మాటలు మాత్రం కదల్లేదు.

“సార్, జర చూడండి.”

డెన్నిస్ విండోను చిన్నది చేశాడు, పెద్దది చేశాడు. పేజీని ఫ్లాపీలో వేసుకెళ్ళి మూలనున్న పాత చిన్న మానిటర్‌లో తెరిచాడు. బ్యాచ్ అంతా చుట్టూ మూగింది. మూడు వరుసలూ ఒదిగాయి, విడిపోలేదు.

“అబ్బ, ఎవరు నేర్పిన్రు ఆంటీ గింత మంచిగ?” అన్నాడు బాలరాజు.

“సారే,” అంది జయమణి. అంటూ అంటూ ఆమె వీపు నిటారైంది.

డెన్నిస్ సంతకం పెట్టి, సర్టిఫికెట్‌ను రెండు చేతులతో అందించాడు. “కంగ్రాచ్యులేషన్స్ మేడమ్.”

“థ్యాంక్యూ సార్.”

అనురాధ చప్పట్లు కొట్టింది. డెన్నిస్ మాత్రం ఎవరివైపూ చూడకుండా బోర్డు తుడవసాగాడు, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ.

క్లాసు అయ్యాక జయమణి మెట్లు దిగి, పోస్టాఫీసు ముందునుంచి బస్‌స్టాప్ వైపు నడిచింది. సర్టిఫికెట్ నలగకుండా గుండెకు ఆనించి పట్టుకుంది. వెనకనుంచి ఒక స్కూటర్ వచ్చి ఆమె పక్కన ఆగింది.

“ఎక్కు మమ్మీ,” అన్నాడు డెన్నిస్.