కొత్త కోడలి రౌండు

“గట్టిగా లాగమ్మా! అది అంబాసిడర్ డోరు. మెల్లగా సెప్తే వినదు,” అన్నారు మామగారు.

నీలిమ రెండు చేతులతో లాగింది. ధడేలుమన్న చప్పుడుకి అత్తగారు సన్యాసమ్మ ఉలిక్కిపడి, ఆ వెంటనే నవ్వేసి, కిటికీలోంచి వేడి పునుగుల పొట్లం అందించింది.

“దారిలో తినండి. మీ మావయ్యకి ఎక్కువ పెట్టకు, స్టీరింగంతా నూనె సేత్తాడు.”

పెళ్లయి ఇరవై రెండు రోజులు. గాజువాకలోని ఈ ఇంట్లో నీలిమకి ఇంకా ప్రతిదీ ముచ్చటే. కారు ముందు సీటు సోఫాలా ఒకటే పొడుగున ఉండటం కూడా ముచ్చటే.

డ్రైవరు సీట్లో మామగారు రమణమూర్తి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో నిటారుగా కూర్చున్నారు. రైల్వే స్టేషన్ స్టాండులో ముప్పై ఒక్క ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పిల్లని ఆ బండిలో ఊరంతా తిప్పడం వాళ్ల ఆనవాయితీ. ఆ మాట అడ్డం పెట్టుకునే, కారుని తుక్కుకి ఇస్తానని మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ లారీని వెనక్కి పంపేశారు. కారు పెట్టే చోట కొత్త జంటకి గది కట్టాలి. మేస్త్రీ రెండు నెలల నుంచి కబురు పెడుతున్నాడు. ఇవాళ నాలుగోసారి లారీ వస్తోంది. ఈ రౌండు అయ్యాకైనా ఇస్తారా అన్నదే అందరి బెంగ.

“నాన్నా, పదకొండింటికి తుక్కు లారీ దుర్గారావు వచ్చేత్తాడు,” వెనక సీట్లోంచి సుమంత్ ఫోను చూస్తూనే గుర్తు చేశాడు. అచ్యుతాపురంలో విదేశీ కార్లకి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు అతను.

“రానీరా. కోడలు పిల్లా, కూకున్నావా?”

“రెడీ మావయ్యా!”

ఆయన తాళం తిప్పి, క్లచ్ తొక్కి, గేరు వేశారు.

“అదిగో, కాన్వెంట్ జంక్షన్. అన్నీ పోర్టు లారీలే. దుమ్ము, అద్దం ఎత్తు.”

నీలిమ గబగబా అద్దం ఎత్తింది.

“ఇక్కడేనమ్మా వీడు పుట్టింది. ఆసుపత్రికి ఇంకా రెండు మలుపులుండగా, అదిగో ఆ ఎనక సీట్లోనే.”

“నాన్నా!”

నీలిమ వెనక్కి తిరిగి, మొగుడినీ సీటునీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. “ఏ మూల?”

“మీరిద్దరూ ఒకటైపోయారు,” సుమంత్ చెవులు ఎర్రబడ్డాయి.

“బంగారంలాంటి బండి,” రమణమూర్తి స్టీరింగు నిమిరారు. “దీన్ని సేసిన కలకత్తా కంపెనీ మునిగిపోతన్నప్పుడు గవర్నమెంటు కాస్త ఆదుకునుంటే, నువ్వీపాటికి మన బండికే పార్టులు సేత్తుండేవోడివి.”

“ఎందుకాదుకోవాలి నాన్నా? యాభై ఏళ్లు ఇంచుమించు ఒకటే బండి సేశారు. జనం కొనడం మానేత్తే, ఆ జనం పన్నులే తీసి వాళ్లకి పొయ్యాలా?”

“మరి స్టీల్ ప్లాంటుకి డబ్బిమ్మని కూర్మన్నపాలెం దీక్షలో నా పక్కనే కూకున్నావు కదరా?”

“అది వేరు. ఇక్కడ వేల కుటుంబాలు.”

“కలకత్తాలోవి కుటుంబాలు కావేటి?”

“అలా అనుకుంటే పడిపోయిన ప్రతి కంపెనీనీ లేపాలి. ఎక్కడ ఆగుతాం?”

“నువ్వు సెప్పమ్మా. సదువుకున్నదానివి.”

నీలిమ పునుగు నములుతూ ఆలోచించింది. “కంపెనీ సంగతి మీ అబ్బాయన్నదే నిజమేమో మావయ్యా. కానీ అందులో పనిచేసిన వాళ్లని మాత్రం అలా గాలికొదిలేయకూడదు.”

స్టీరింగు మీద రమణమూర్తి చేతులు సడలాయి.

“ఆ కంపెనీకి తాళం పడిన రోజు మా స్టాండులో పన్నెండు బండ్లు. ఎవుడూ బేరానికి ఎల్లలేదు. ఎప్పుడూ సూడని ఫ్యాక్టరీ కోసం అన్నం మానేశాం, ఎర్రోళ్లం. ఇంక సాల్లే. ఎనక్కి తిప్పేత్తాను.”

వెనక సీట్లో ఫోను పక్కకి వెళ్లిపోయింది. సుమంత్ ముందుకి వంగి తండ్రి భుజం పట్టుకున్నాడు.

“ఎడం పక్క బస్సు నాన్నా! సూసుకో!”

రమణమూర్తి చటుక్కున స్టీరింగు తిప్పారు. ముగ్గురూ ఒకే వైపుకి ఒరిగిపోయి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

“ఎనక్కేటి నాన్నా? రుషికొండ సూపిత్తానన్నావు కదా, పోనీ,” అన్నాడు సుమంత్.

“అద్దం దించు కోడలా. బీచ్ రోడ్డు!”

నీలిమ మోచెయ్యి బయట పెట్టింది. ముంజేతికి గాలి తగిలింది. గాజులు గలగలలాడించింది. మామగారు ఓడలు చూపించారు, జాలర్ల పడవలు చూపించారు, పెళ్లయిన కొత్తలో సన్యాసమ్మకి కొబ్బరి బొండాం కొట్టించిన చోటు చూపించారు. ఆవిడ ఆ రోజు కట్టుకున్న చీర రంగు కూడా చెప్పారు.

పునుగులు అయిపోయాయి. ఆయన నెమ్మదిగా బ్రేకు తొక్కారు.

“దిగండమ్మా. ఇల్లొచ్చేసింది.”

గేటు దగ్గర దుర్గారావు కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. వెనకాల క్రేను లారీ.

“ఏటి మావా, ఇవాళైనా ఇత్తావా? నన్ను మళ్లీ తిప్పుతావా?”

సన్యాసమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. రమణమూర్తి కాగితాలు బానెట్ మీద పరిచి, మూడు చోట్లా సంతకం పెట్టి, తాళం తీసి అతని చేతిలో పెట్టారు.

“తాళం నాకెందుకు మావా?”

“బండి ఇచ్చినోడు తాళం కూడా ఇయ్యాల్రా.” అప్పుడు కోడలి వైపు తిరిగారు. “రౌండు బాగుందా తల్లీ?”

“రుషికొండ దగ్గర సముద్రం ఎంత నీలంగా ఉందో మావయ్యా!”

ఆయన తలూపి, ఖాకీ చొక్కా పై గుండీ విప్పుకున్నారు. క్రేను గొలుసులు బిగుసుకున్నాయి. కారు మెల్లగా గాల్లోకి లేచింది.

దాని చక్రాలు తీసేసి ఎనిమిదేళ్లయింది.